పక్కనే ఉన్నానన్న మాట

బ్రేకు మాస్టారి అసలు పేరేమిటో ఆయన దగ్గర బండి నేర్చుకున్నవాళ్లలో సగం మందికి తెలియదు. పంతొమ్మిదేళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నారు. ఉన్నది ఒక్కటే కారు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర బిగించుకున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, కొంపలు మునిగే విషయమేదీ లోకంలో లేదన్నట్టు మాట్లాడుతుంటారు. "అమ్మా, స్టీరింగు మీ చుట్టం కాదు, అంత గట్టిగా కావలించుకోకండి" అంటారు. "గేరు మార్చమన్నాను బాబూ, పీకమనలేదు" అంటారు. ఎదురుగా లారీ వస్తే నేర్చుకునేవాళ్లు కళ్లు మూసుకుంటారు. అప్పుడు ఆయన పాదం తన పని తాను చూసుకుంటుంది.

ఆ కారు వెనక సీట్లో పదమూడేళ్లు ఒక కుక్క తిరిగింది. నలుపు, తెలుపు, గోధుమరంగు ముక్కలు ఏరి కుట్టినట్టుండేది కాబట్టి పేరు బొంత. మాస్టారి కూతురు అయిదేళ్ల వయసులో కాలవ పక్క నుంచి గౌనులో చుట్టి తెచ్చింది. ఇంట్లో పెరిగింది కూతురి కుక్కగానే అయినా, పగలంతా ఉద్యోగం మాత్రం మాస్టారి దగ్గర. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే బొంత ఆవలించేది. రెండోసారి కూడా ఆగిపోతే కిటికీ వైపు తిరిగి, వీళ్లతో నాకేం సంబంధం లేదన్నట్టు కూర్చునేది. మధ్యలో మాస్టారు టీకి దిగేటప్పుడు వెనక్కి తిరిగి, "ఉండు, ఇప్పుడే వస్తాను" అనేవారు. ఆయన వచ్చేదాకా అది తలుపు మీద నుంచి చూపు తిప్పేది కాదు.

పదమూడో ఏట దానికి కిడ్నీలు పాడయ్యాయి. రెండు నెలలు మందులు, సెలైన్లు అయ్యాయి. చివరికి నీళ్లు కూడా ఇమడని స్థితికి వచ్చింది. పశువుల డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. "ఇంకో నాలుగు రోజులు లాగొచ్చు. కానీ అది మన కోసం, దాని కోసం కాదు. ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చడమే మంచిది."

కూతురికి అవి పెద్ద పరీక్షల రోజులు. మరీ ముఖ్యమైనది ఆ గురువారమే. వాయిదా వేద్దామంటే బొంత మూలుగు వినలేకపోతున్నారు. మాస్టారి భార్య ఒక హైస్కూల్లో లైబ్రరీ చూసుకుంటుంది. "నేను పిల్లని పరీక్షకి తీసుకెళ్తాను. అక్కడ నిలబడడం నావల్ల కాదు. మీరుంటారుగా" అంది.

పొద్దున్న బయల్దేరేముందు కూతురు బొంత చెవుల మధ్య ముక్కు పెట్టి చాలాసేపు అలాగే ఉంది. లేచి తండ్రి చొక్కా పట్టుకుంది.

"నాన్నా, దాని పక్కనే ఉండాలి. చివరిదాకా. మాటివ్వు."

"ఉంటానమ్మా. ఎక్కడికి పోతాను?"

"అలా కాదు. మాటివ్వు."

మాస్టారు ఆమె అరచేతిలో చెయ్యేసి మాటిచ్చారు.

ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరు అంతా వివరించాడు. ముందు మత్తు, తర్వాత రెండోది, మొత్తం పది నిమిషాలు. పక్కన ముక్కుకి మాస్కు కట్టుకున్న ఒక ఆయా సిరంజీలు ట్రేలో సర్దుతుంటే లోహం చప్పుడైంది. ఆ చప్పుడు వినగానే, ఎన్ని లారీలు ఎదురొచ్చినా జంకని మనిషి, చెమటలు పట్టి గోడకి ఆనుకున్నారు.

"డాక్టరుగారూ, నాకు పదకొండింటికి టెస్టు గ్రౌండులో ఒకాయన ఎదురుచూస్తుంటాడు. మీరు కానివ్వండి. నేను వచ్చి తీసుకెళ్తాను."

గ్రౌండులో ఎవరూ లేరు. ఆ రోజు టెస్టులే లేవు.

"ఉండరా?" అన్నాడు డాక్టరు. ఆ మాటలో తప్పుపట్టడం ఏమీ లేదు. అలా వెళ్లిపోయేవాళ్లు చాలామందే ఉంటారు కాబోలు.

మాస్టారు తలుపు దాకా వెళ్లారు. ఇద్దరం కలిసి ఇంటికి పోతున్నామనుకుంది బొంత. ముందుకాళ్ల మీద లేవబోయి తోక రెండుసార్లు బల్లకి కొట్టింది. ఆయన నోట్లోంచి అలవాటైన మాటే వచ్చింది.

"ఉండు, ఇప్పుడే వస్తాను."

వీధి మలుపులో కారు ఆపుకుని కూర్చున్నారు. అయిదు నిమిషాలకి ఫోన్ మోగింది. ఆస్పత్రి నంబరు. అంతా అయిపోయిందని చెప్పడానికే అనుకుని, ఆ మాట వినలేక ఫోన్ బోర్లా పెట్టారు. మళ్లీ మోగింది. మూడోసారి మోగింది. నలభై నిమిషాల తర్వాత వెళ్తే, మాస్కు కట్టుకున్న ఆ ఆయానే దుప్పట్లో చుట్టిన మూటని రెండు చేతులా తెచ్చి వెనక సీట్లో పెట్టింది. ఆమె ముఖం వైపు ఆయన చూడలేదు.

ఇంట్లో అబద్ధం చాలా చిన్నగా మొదలైంది. పెరట్లో గుంట తవ్వుతుంటే పరీక్ష నుంచి వచ్చిన కూతురు అడిగింది. "పక్కనే ఉన్నావు కదా నాన్నా?" మాస్టారు తలూపారు. అంతే. నోటితో ఒక్క మాట కూడా అనలేదు. కూతురు ఆయన మెడ చుట్టూ చేతులేసి వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వున్నావు. అది చాలు నాకు" అంది. ఆ మట్టిచేతులతో ఆయన ఆమె వీపు నిమిరారు.

తర్వాత అది ఆయన చేతుల్లోంచి జారిపోయింది. భార్య తన అక్కతో ఫోన్లో చెబుతూ, "ఒళ్లో తల పెట్టుకుని కూర్చున్నార్టే" అంది. ఒళ్లో అని ఆయన అనలేదు, కాదనీ అనలేదు. పక్కింటివాళ్లు, కూతురి స్నేహితులు, కారు నేర్చుకోడానికి వచ్చేవాళ్లు వెనక సీటు ఖాళీగా ఉండడం చూసి అడిగేవారు. మాట్లాడి బతికే మనిషి కదా, ఎన్నిసార్లని తలూపి ఊరుకుంటారు? ఒకరోజు తన నోటితోనే, "ఆఖరున నా చెయ్యి నాకిందండీ" అనేశారు. అన్నాక తనకే ఒళ్లు జలదరించింది. అయినా మర్నాడు ఇంకొకరితో మళ్లీ అదే అన్నారు.

బొంత పోయిందన్న దుఃఖం ఆయనకి లేక కాదు. పొద్దున్నే కారు వెనక తలుపు తీసి నిలబడి, ఎవరికోసం తీశానా అనుకునేవారు. సీటు కవరుకి అంటుకున్న వెంట్రుకల్ని కూతురు దులపనిచ్చేది కాదు. ఆయనకి గట్టిగా ఏడవాలని ఉండేది. కానీ కళ్లు చెమర్చగానే "ఎంత ప్రేమ మాస్టారూ మీది!" అని ఎవరో ఒకరు అనేవారు. ఆ మాటతో కన్నీళ్లు వచ్చిన దారినే వెనక్కి పోయేవి. దొంగసొమ్ము మీద కూర్చున్నవాడిలా తయారయ్యారు.

అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్నది రిటైరైన పోస్ట్‌మాస్టరు. అరవై రెండేళ్ల వయసులో కారు నేర్చుకుంటున్న ఆయన, ప్రతి పనినీ పైకి చెప్పి మరీ చేసేవాడు. "క్లచ్చి తొక్కుచున్నాను, గేరు వేయుచున్నాను" అంటూ తంతి చదివినట్టు నడిపేవాడు. "మనుషులకే ఎవరూ దగ్గరుండని రోజులివి. మీరు ఒక మూగజీవానికి ఉన్నారు. మా కోడలికి కూడా చెప్పాను మీ గురించి" అనేవాడు.

బొంత పోయి నెల దాటాక, ఒక సోమవారం ఉదయం కొత్తగా చేరినామె వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. గట్టి మనిషి, ముతక చీర, చేతికి పాత గడియారం. పోస్ట్‌మాస్టరు బండి నడుపుతుంటే వెనక కూర్చుని చూడమని ఎక్కించారు. కారు రెండు వీధులు దాటింది.

"ఏం చేస్తుంటావమ్మా?" అన్నాడు పోస్ట్‌మాస్టరు, రోడ్డు మీంచి కళ్లు తీయకుండానే.

"జంతువుల ఆస్పత్రిలో ఆయానండీ. అక్కడ వ్యానుంది, డ్రైవరు ఉన్నరోజు ఉంటాడు, లేనిరోజు లేడు. దెబ్బలు తగిలినవాటిని తేవడానికి మనిషి దొరకడు. నేను నేర్చుకుంటే నేనే తెస్తాను కదా అని."

"ఏ ఆస్పత్రి?"

"మార్కెట్ వెనకాల."

మాస్టారు గబుక్కున తలెత్తి అద్దంలోకి చూశారు. మాస్కు లేని ఆ ముఖం ఆయనకి తెలియదు. కానీ ఆ కళ్లు ఆయన్ని ఎరుగుదుమన్నట్టే ఉన్నాయి.

"అరె! మన మాస్టారి బొంత అక్కడే కదా పోయింది!" పోస్ట్‌మాస్టరు ఉత్సాహం పట్టలేక బండి పక్కకి తీసి ఆపేశాడు. "వినమ్మా, ఈయన సంగతి నువ్వు వినాలి." ఇక మొదలుపెట్టాడు. ఒళ్లో తల పెట్టుకోవడం, చెవిలో మాట్లాడడం, అది చెయ్యి నాకడం, ఆయన చేతుల్లోనే ప్రాణం పోవడం. ఒక్కటీ వదలలేదు. ఎక్కడెక్కడ ఏ మాట తాను చేర్చారో మాస్టారికి గుర్తుంది. ఇప్పుడవన్నీ వరసగా తిరిగొచ్చి చెవుల్లో పడుతున్నాయి. కారు తలుపు తీసుకుని పారిపోదామనిపించింది. పోస్ట్‌మాస్టరు వెనక్కి తిరిగాడు.

"నువ్వూ చూసే ఉంటావు కదమ్మా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

"రోజూ ఎన్నో వస్తాయి సార్. అన్నీ గుర్తుండవు" అంది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆమె నిజం చెప్పేసి ఉంటే ఆ అవమానం ఒక్క క్షణంలో తీరిపోయేది. ముక్కూ మొహం తెలియని మనిషి తన పరువు కాపాడింది. ఆ రోజు పాఠం ఎలా ముగిసిందో ఆయనకి తెలియదు. రెండుసార్లు పోస్ట్‌మాస్టరే "మాస్టారూ, బ్రేకు!" అని అరవాల్సి వచ్చింది.

ఆమెని మరొకరి స్కూలుకి పంపేద్దామా అని కూడా ఆలోచించారు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకాస్త సిగ్గుపడ్డారు. ఆమె రోజూ ఏడింటికల్లా వచ్చేది. చెప్పింది చెప్పినట్టు చేసేది. ఆ మాట మాత్రం ఎత్తేది కాదు. ఆమె తప్పు చేసినా ఆయన గట్టిగా ఒక మాట అనలేకపోయేవారు. ఎనిమిదో రోజున ఆమె అంది. "మాస్టారూ, ఇందాక నేను ఎర్రలైటు దాటేశాను. మీరేమీ అనలేదు. ఇలాగైతే నాకు బండి రాదు."

స్టేడియం వెనక ఖాళీ స్థలంలో బండి ఆపించారు మాస్టారు. ఇంజన్ కట్టేయమన్నారు. కాసేపు డాష్‌బోర్డు మీద దుమ్ము వేలితో తుడిచారు.

"ఆ రోజు ఏమైందమ్మా?"

ఆమె స్టీరింగు మీద చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎందుకు సార్ ఇప్పుడు?"

"చెప్పు. దాచకు."

"మీరు వెళ్లాక అది పడుకోలేదు. తలుపు వైపే చూస్తా కూర్చుంది. బయట ఏ బండి చప్పుడైనా లేవబోయేది. డాక్టరుగారు మత్తు ఇస్తానన్నారు. నేనే ఆగమన్నాను. ఇప్పుడే వస్తానన్నారు కదా, వస్తారేమో చూద్దామన్నాను. మూడుసార్లు ఫోన్ చేశాం."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. ఆ ఫోన్ అయిపోయిందని చెప్పడానికి కాదు. రమ్మనడానికి. వీధి మలుపు నుంచి నడిచొచ్చినా రెండు నిమిషాలే.

"నేను చూశాను ఫోన్. తీయలేదు" అన్నారు.

ఆమె ఆశ్చర్యపోలేదు. "నా చెయ్యి వాసన చూసింది. మీ చెయ్యి కాదని తెలిసి తల తిప్పుకుంది. మీ తువ్వాలు బల్ల మీద మర్చిపోయారు. అది మడిచి గడ్డం కింద పెట్టాను. అప్పుడు తల ఆనించింది. ఇంక బాధేమీ పడలేదు. అది మాత్రం నిజం సార్."

"మరి ఆ రోజు పోస్ట్‌మాస్టరుగారి ముందు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమొస్తుంది? తట్టుకోలేక వెళ్లిపోయేవాళ్లని రోజూ చూస్తాను. మీరు చెడ్డవాళ్లని నేననుకోలేదు." గడియారం పట్టీ సరిచేసుకుంది. "కానీ చెయ్యి నాకిందని అన్నారు చూడండి, అది మాత్రం బాగోలేదు."

ఆ ఒక్క మాట సూటిగా వెళ్లి తగలవలసిన చోటే తగిలింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మాస్టారు పళ్లెం ముందుకి తోసి చెప్పేశారు. ఎక్కడా తగ్గించలేదు. టెస్టు గ్రౌండు అబద్ధం, వీధి మలుపు, బోర్లా పెట్టిన ఫోన్, అన్నీ చెప్పారు. మధ్యలో భార్య "ఇప్పుడెందుకండీ..." అని ఆపబోయింది. ఆయన ఆగలేదు.

కూతురి ముఖంలోంచి రంగు దిగిపోయింది.

"ఫోన్ మోగిందా?"

"మోగింది."

"చూశావా?"

"చూశానమ్మా."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ."

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు. అలా వేసినా బాగుండేదనిపించింది మాస్టారికి.

భార్య గిన్నెలు తీస్తూ అంది. "నాతో కూడానా? పక్క మీద పక్కనే పడుకుని నెల్లాళ్లు నాతో కూడా చెప్పలేకపోయారా? నేనేమో ఊరంతా చాటాను." రెండు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, మళ్లీ తీసింది. "నేను మాత్రం వెళ్లానా? మీరుంటారుగా అని తప్పించుకున్నాను. మిమ్మల్ని అనే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగమూ అంటాను, ఇవాళ కాదు."

మర్నాడు పోస్ట్‌మాస్టరుకి చెప్పారు. ఆయన స్టీరింగు పట్టుకుని కూర్చుని, ఉత్తరం ఎవరిదో తెలియక తిరగేసి చూసేవాడిలా మాస్టారిని చూశాడు. "నేను మా కోడలికి చెప్పానండీ" అన్నాడు. "చెప్పి, అటువంటి మనిషి దగ్గర నేర్చుకుంటున్నానన్నాను." తర్వాత బండి తీశాడు. క్లచ్చి తొక్కుచున్నానని ఆ రోజు పైకి చెప్పలేదు. మానేస్తాడేమో అనుకున్నారు. మానలేదు. కానీ మునుపటిలా పొగడ్తలు లేవు. మాస్టారికి అదే హాయిగా ఉంది.

కూతురు పదకొండు రోజులు మాట్లాడలేదు. ఏదైనా కావలిస్తే తల్లితో చెప్పించేది. ఒకే బల్ల దగ్గర తింటూనే "అమ్మా, ఉప్పు ఇటివ్వమను" అనేది. పన్నెండో రోజు పొద్దున మాస్టారు కారు తుడుస్తుంటే వచ్చి, అద్దంలో తన మొహం చూసుకుంటున్నట్టు నిలబడి అడిగింది.

"ఆ ఆయా పేరేంటి? నేనామెతో మాట్లాడాలి."

ఆస్పత్రికి తీసుకెళ్లారు. కూతురు దారంతా వెనక సీట్లో కూర్చుంది. మాస్టారు వరండాలోనే ఆగిపోబోతుంటే ఆయా వెనక్కి తిరిగి, "మీరూ రండి సార్. మీ గురించే కదా" అంది. అదే గది, అదే బల్ల. మాస్టారు గోడవారగా నిలబడ్డారు, ఈసారి కదల్లేదు. కూతురు ఒక్కొక్కటే అడిగింది. ఏ వైపు తిరిగి పడుకుంది? నీళ్లేమైనా తాగిందా? చలికి వణికిందా? కళ్లు ఎవరు మూశారు? ఆయా తెలిసినంతవరకు చెప్పింది, తెలియనిది తెలియదంది. తువ్వాలు మాట వచ్చినప్పుడు కూతురు మొదటిసారి తండ్రి వైపు చూసింది. చూసి, మళ్లీ ఆయా వైపు తిరిగింది.

"మీరు దానితో ఏమైనా మాట్లాడారా?"

"అప్పటికి పేరు తెలియదు కదమ్మా. 'ఏం లేదమ్మా, ఏం లేదు' అంటా ఉన్నాను."

కూతురు ఆమె చెయ్యి తీసుకుని, అరచెయ్యి తన చెంపకి ఆనించుకుంది.

"దాని పేరు బొంత" అంది.

తిరిగి వచ్చేటప్పుడు కూతురు ముందు సీట్లో కూర్చుంది. మార్కెట్ దాటాక అంది. "నాకింకా కోపం పోలేదు."

"పోనక్కర్లేదమ్మా."

"ఎప్పుడు పోతుందో కూడా తెలియదు."

"సరే."

కొంతదూరం పోయాక ఆమే అంది. "నువ్వు ఉన్నావనుకున్నప్పుడు నాకు ధైర్యంగా ఉండేది. ఆ ధైర్యం పోయింది నాన్నా. అది తిరిగి నువ్వివ్వలేవు."

ఇవ్వలేనని చెప్పబోయి మాస్టారు నోరు తెరిచారు. నెలన్నర దాటినా రానిదేదో అప్పుడు పైకి తన్నుకొచ్చింది. మెచ్చుకునేవాళ్లెవరూ లేరు, చూసి జాలిపడేవాళ్లూ లేరు. బొంత లేదు, అంతే. తలుపు వైపు చూస్తూ కూర్చుని పోయింది. రోడ్డు కనబడడం మానేసింది. ఎలాగో బండి పక్కకి లాగి ఆపి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని, అలవాటు లేనివాడిలా పెద్దగా, వికారంగా ఏడ్చారు.

వెనక ఎవరో హారన్ కొట్టారు. కూతురు ఆయన్ని ముట్టుకోలేదు, ఓదార్చలేదు. తలుపు తీసుకుని దిగిపోనూ లేదు. చెయ్యి చాచి ఇండికేటర్లు రెండూ వేసింది.

"కానివ్వు" అంది. "నేనున్నాను."

ఇండికేటర్లు టిక్కుటిక్కుమంటుంటే ఆమె కిటికీ కిందకి దించి, వెనక బండ్లవాళ్లని పక్కనుంచి పొమ్మని చేత్తో సైగ చేస్తూ కూర్చుంది.